లిజనర్ స్క్రిప్టును బ్యాక్‌గ్రౌండ్ సర్వీసుగా నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

లినక్స్ మెషీన్ మీద ఒక పోర్టు తెరిచి, నెలల తరబడి డేటా కోసం కాచుకుని కూర్చునే స్క్రిప్టుల గురించి ఈ పేజీ. నాది పైథాన్ స్క్రిప్టు. భీమవరం దగ్గర మా బాబాయి రొయ్యల చెరువుల్లో 14 ఆక్సిజన్ సెన్సార్లు ఉన్నాయి. అవి సిమ్ కార్డుల మీదుగా నిమిషానికోసారి 9000 పోర్టుకు రీడింగు పంపుతాయి, నా స్క్రిప్టు అందుకుని డేటాబేస్‌లో రాస్తుంది. పని ఇంతే. కానీ చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. రాత్రంతా నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చెయ్యదు, పీల్చేవి మాత్రం పీలుస్తూనే ఉంటాయి. అందుకని మనం గాఢ నిద్రలో ఉన్న వేళకే ఈ స్క్రిప్టు మెలకువగా ఉండాలి.

కమాండ్లనూ సెట్టింగులనూ మనం నోటితో పలికినట్టే తెలుగులో రాశాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. యూనిట్ ఫైల్లో (సర్వీసును ఎలా నడపాలో రాసే ఫైలు) సమానం గుర్తుకు ఎడమ వైపున్న పేర్లలో ప్రతి పదం మొదటి అక్షరం పెద్దది, మధ్యలో ఖాళీ ఉండదు.

టెర్మినల్‌లో బాగానే నడుస్తోంది కదా, సర్వీసు ఎందుకు?

టెర్మినల్‌లో నడుస్తున్నంతసేపూ దాన్ని చూసుకుంటున్నది మీరే. పడిపోతే లేపేది మీరు, మెషీన్ రీబూట్ అయితే మళ్లీ మొదలుపెట్టేది మీరు. సర్వీసుగా పెడితే ఆ కాపలా సిస్టమ్‌డీ చేతికి పోతుంది. 2015లో వచ్చిన డెబియన్ 8, ఉబుంటు 15.04 నుంచీ ఆ రెండింటిలోనూ ముందుగా లేచి మిగతా సర్వీసులన్నిటినీ లేపేది సిస్టమ్‌డీయే. మీ మెషీన్‌లో అది ఇప్పటికే ఉంది, కొత్తగా ఏమీ ఎక్కించుకోనక్కర్లేదు.

కమాండ్ చివర & పెట్టి వదిలేస్తే ఒక్కోసారి బతుకుతోంది, ఒక్కోసారి చస్తోంది. ఎందుకు?

మీరు బయటికి ఎలా వచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎగ్జిట్ అని కొట్టి మర్యాదగా వస్తే, బాష్ (మీ కమాండ్లు అందుకునే షెల్) మామూలుగా వెనక నడుస్తున్న పనుల జోలికి పోదు. అదే నెట్ తెగి, దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయిన ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ పోతే బాష్‌కు సిగ్‌హప్ అనే సిగ్నల్ అందుతుంది. తాను పోతూ పోతూ అదే సిగ్నల్‌ను తన పిల్ల ప్రాసెస్‌లన్నిటికీ పంపుతుంది, మీ స్క్రిప్టు అక్కడితో పోతుంది.

బతికి బయటపడినా ఇంకో గండం ఉంది. స్క్రిప్టులో ఎక్కడో ఒక ప్రింట్ ఉంటుంది. రాయాల్సిన టెర్మినల్ ఇప్పుడు లేదు కాబట్టి ఆ ప్రింట్ దగ్గర ఎర్రర్ వస్తుంది. రెండు గంటల తర్వాతో రెండు రోజుల తర్వాతో స్క్రిప్టు ఆ వరుసకు చేరిన క్షణాన పోతుంది. అందుకే ఏ కారణమూ లేకుండా పోయినట్టు అనిపిస్తుంది.

నోహప్, స్క్రీన్, టీమక్స్ చాలవా?

నోహప్ ఆ సిగ్‌హప్‌ను పట్టించుకోకుండా చేసి, ప్రింట్లన్నీ ఒక ఫైల్లోకి మళ్లిస్తుంది. పైన చెప్పిన రెండు గండాలూ దాటినట్టే. కానీ స్క్రిప్టు తనంతట తాను పడిపోతే లేపేవాళ్లు లేరు, రీబూట్ తర్వాత సంగతి అసలే లేదు. స్క్రీన్, టీమక్స్ మీరు వెళ్లిపోయినా టెర్మినల్‌ను బతికించి ఉంచుతాయి. టీమక్స్ నాకు రోజూ కావాలి, కొత్త కోడ్‌ను కళ్ల ముందు పెట్టుకుని నడిపి చూడటానికి దాన్ని మించింది లేదు. లిజనర్‌ను శాశ్వతంగా అందులో ఉంచడం మాత్రం వద్దు. ఇంకో మాట: 2016లో వచ్చిన సిస్టమ్‌డీ 230వ వెర్షన్‌లో, యూజర్ లాగౌట్ అయితే ఆయన ప్రాసెస్‌లన్నిటినీ చంపేసే సెట్టింగు ముందే ఆన్ చేసి ఇచ్చారు. డెబియన్ దాన్ని తన వైపు ఆఫ్ చేసుకుంది. మీ మెషీన్‌లో ఎలా ఉందో లాగిన్‌డీ కాన్ఫ్ ఫైల్లో కిల్‌యూజర్‌ప్రాసెసెస్ దగ్గర చూసుకోండి.

యూనిట్ ఫైల్ ఎలా రాయాలి?

ఈటీసీ కింద సిస్టమ్‌డీ, దాని కింద సిస్టమ్ డైరెక్టరీలో చెరువు.సర్వీస్ అని ఒక ఫైలు పెట్టండి. నేను వాడేది ఇదీ:

[యూనిట్]
డిస్క్రిప్షన్=చెరువు సెన్సార్ల లిజనర్

[సర్వీస్]
యూజర్=చెరువు
వర్కింగ్‌డైరెక్టరీ=/ఆప్ట్/చెరువు
ఎన్విరాన్‌మెంట్=పైథాన్‌అన్‌బఫర్డ్=1
ఎగ్జెక్‌స్టార్ట్=/ఆప్ట్/చెరువు/వెన్వ్/బిన్/పైథాన్ /ఆప్ట్/చెరువు/లిజనర్.పై
రీస్టార్ట్=ఆల్వేస్
రీస్టార్ట్‌సెక్=5
లిమిట్‌నోఫైల్=8192

[ఇన్‌స్టాల్]
వాంటెడ్‌బై=మల్టీ-యూజర్.టార్గెట్

పైథాన్‌అన్‌బఫర్డ్ అన్నదీ, లిమిట్‌నోఫైల్‌లో నోఫైల్ అన్న భాగమూ మాత్రం మొత్తం పెద్ద అక్షరాల్లో. ఫైలు సేవ్ చేశాక సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్, ఆ తర్వాత సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ చెరువు. ఎనేబుల్ అంటే వచ్చే బూట్ నుంచి తనే లేవడం, నౌ అంటే ఇప్పుడే లేవడం. స్టార్ట్ ఒక్కటే కొట్టి ఎనేబుల్ మర్చిపోవడం చాలామంది చేసే తప్పు. రీబూట్ అయ్యేదాకా అది బయటపడదు.

స్క్రిప్టులో రెండుసార్లు ఫోర్క్ చేసి (తన నకలు ప్రాసెస్‌ను పుట్టించి) వెనక్కి వెళ్లిపోయే పాత కోడ్ ఏదైనా ఉంటే తీసెయ్యండి. ప్రాసెస్ నంబరు రాసిపెట్టే పిడ్ ఫైలూ అక్కర్లేదు. స్క్రిప్టు ముందు వరుసలో మామూలుగా నడవాలి, వెనక్కి నెట్టే పని సిస్టమ్‌డీది.

చేత్తో నడిపితే నడుస్తుంది, సర్వీసుగా పెడితే వెంటనే పడిపోతుంది. ఏమిటి తేడా?

తేడా అంతా పరిసరాలది. మీరు లాగిన్ అయినప్పుడు బాష్‌ఆర్‌సీ ఫైలు చదివి పాత్‌లూ పాస్‌వర్డులూ మీ షెల్‌లోకి వస్తాయి. సిస్టమ్‌డీ ఆ ఫైలు చదవదు. మీ స్క్రిప్టు కాన్ఫిగ్ ఫైలును ఒట్టి పేరుతో తెరుస్తుంటే, మీరు నిలబడ్డ డైరెక్టరీలో దొరుకుతుంది. సర్వీసు మొదలయ్యేది మాత్రం రూట్ డైరెక్టరీలో, అక్కడ ఆ ఫైలు ఉండదు. వర్కింగ్‌డైరెక్టరీ పెట్టింది అందుకే.

వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను (ఒక ప్రాజెక్టు లైబ్రరీలను విడిగా ఉంచే పైథాన్ డైరెక్టరీ, పై ఫైల్లో వెన్వ్) యాక్టివేట్ చెయ్యాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. దాని బిన్‌లో ఉన్న పైథాన్‌ను పూర్తి పాత్‌తో పిలిస్తే తన లైబ్రరీలు తనే వెతుక్కుంటుంది. డేటాబేస్ పాస్‌వర్డు లాంటివి ఎన్విరాన్‌మెంట్‌ఫైల్ అనే సెట్టింగుతో వేరే ఫైల్లో పెట్టి, ఆ ఫైలును రూట్ తప్ప ఇంకెవరూ చదవలేకుండా చెయ్యండి. యూనిట్ ఫైల్లో రాస్తే మెషీన్‌లో ఉన్న ప్రతి యూజరూ చూడగలడు.

జర్నల్‌లో నా ప్రింట్లు కనిపించడం లేదు.

జర్నల్ అంటే సర్వీసుల మాటలన్నీ సిస్టమ్‌డీ రాసిపెట్టే లాగ్. పైథాన్ ఎదురుగా టెర్మినల్ ఉంటే వరుసకో సారి బయటికి పంపుతుంది. టెర్మినల్ లేకపోతే బఫర్ నిండేదాకా కడుపులో దాచుకుంటుంది, ఆ బఫర్ కొన్ని వేల బైట్లు ఉంటుంది. మీ లిజనర్ గంటకు నాలుగు మాటలు మాట్లాడేదైతే మొదటి మాట కనిపించేసరికి రోజులు పట్టొచ్చు. మధ్యలో ప్రాసెస్ చస్తే చివరి మాటలు, అంటే మనకు నిజంగా కావలసినవి, దానితోనే పోతాయి. పైథాన్‌అన్‌బఫర్డ్=1 దీనికే.

చూడటానికి జర్నల్‌సీటీఎల్ -యూ చెరువు -ఎఫ్. రీబూట్ తర్వాత పాత లాగ్ లేకపోతే వార్ లాగ్ కింద జర్నల్ అనే డైరెక్టరీ ఉందో లేదో చూడండి. చాలా చోట్ల ఆ డైరెక్టరీ ఉంటేనే లాగ్ డిస్కు మీద నిలుస్తుంది, లేకపోతే మెమరీలోనే ఉండి కరెంటుతో పాటు పోతుంది.

రీస్టార్ట్‌కు ఆల్వేస్ మంచిదా, ఆన్-ఫెయిల్యూర్ మంచిదా?

లిజనర్‌కు ఆల్వేస్. ఆన్-ఫెయిల్యూర్ పెడితే, స్క్రిప్టు తప్పు కోడ్‌తోనో, సిగ్నల్ దెబ్బకో, అసహజంగా చచ్చినప్పుడే లేపుతుంది. లూపులో ఏదో పొరపాటు వల్ల సున్నా కోడ్‌తో ప్రశాంతంగా ముగిసిపోతే, పని అయిపోయింది కాబోలు అనుకుని ఊరుకుంటుంది. వినడానికే పుట్టిన ప్రోగ్రాముకు పని అయిపోవడమంటూ ఉండదు. మీరు స్టాప్ కొడితే మాత్రం ఆల్వేస్ ఉన్నా లేపదు, ఆ భయం వద్దు.

రీస్టార్ట్‌సెక్ తప్పకుండా పెట్టండి. పెట్టకపోతే సెకనులో పదో వంతు ఆగి మళ్లీ లేపుతుంది. 10 సెకన్లలో 5 సార్లు లేపినా నిలబడకపోతే సిస్టమ్‌డీ చేతులెత్తేస్తుంది. స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ అని రాసి వదిలేస్తుంది, ఇక మనిషి వచ్చి చూడాల్సిందే. డేటాబేస్ రెండు నిమిషాలు పలక్కపోయినందుకు లిజనర్ రాత్రంతా పడి ఉండటం నాకు సమ్మతం కాదు. 5 సెకన్లు పెడితే 10 సెకన్లలో 5 సార్లన్న హద్దు ఎప్పటికీ తగలదు, ఎన్నిసార్లయినా లేపుతూనే ఉంటుంది.

స్టేటస్‌లో పచ్చగా యాక్టివ్ రన్నింగ్ అని ఉంది. డేటా మాత్రం రావడం లేదు. ఎలా?

ఈ పేజీ రాయడానికి కారణం ఈ ప్రశ్నే.

ఒక రోజు పొద్దున్నే మా బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, అంకె కదలట్లేదేంట్రా? రాత్రి నుంచీ అయిదు పాయింట్ రెండే చూపిస్తోంది." అప్పటికే కాపలా మనిషి గట్టు మీద తిరుగుతూ రొయ్య పైకి తేలడం చూసి ఏరేటర్లు వేశాడు కాబట్టి చెరువు దక్కింది. నేను కంగారుగా లాగిన్ అయి స్టేటస్ కొడితే పచ్చ చుక్క, యాక్టివ్ రన్నింగ్, మూడు వారాలుగా. సీపీయూ వాడకం లేదు, మెమరీ పెరగలేదు, జర్నల్‌లో ఒక్క ఎర్రర్ లేదు. డేటాబేస్‌లో చివరి వరుస రాత్రి 2:40.

ఎస్‌ఎస్ -ఎల్‌టీఎన్‌పీ కొట్టి చూశాను. 9000 పోర్టు ఉంది, వింటోంది. కానీ ఆ వరుసలో రిసీవ్ క్యూ కింద సున్నా ఉండాల్సిన చోట 14 ఉంది. వినే సాకెట్ (కనెక్షన్‌కు ప్రోగ్రాము వైపున్న కొస) దగ్గర ఆ అంకెకు అర్థం, తలుపు దాకా వచ్చి లోపలికి పిలుపు కోసం నిలబడ్డ కనెక్షన్లు. నా 14 సెన్సార్లూ గుమ్మం దగ్గరే ఉన్నాయి. కనెక్షన్ కుదిర్చేది కెర్నెల్ (లినక్స్ లోపలి గుండె), పంపిన డేటాను కొంతవరకు దాచేదీ అదే. కాబట్టి సెన్సార్ల లెక్కన అంతా బాగానే ఉంది, అవి పంపుతూనే ఉన్నాయి. నా స్క్రిప్టే లోపలికి పిలవడం లేదు.

ఎందుకు పిలవడం లేదో ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబరు డైరెక్టరీలో ఎఫ్‌డీ చూస్తే తెలిసింది. తెరిచి ఉన్నవి సరిగ్గా 1024. ఒక ప్రాసెస్ ఒకేసారి తెరిచి ఉంచుకోగలిగే ఫైళ్లూ సాకెట్లూ మామూలుగా అంతే. చెరువు గట్టున సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. సిగ్నల్ పోయినప్పుడు సెన్సారు ‘నేను వెళుతున్నాను’ అని చెప్పి పోదు, చెప్పే దారే లేదు. తిరిగి రాగానే కొత్త కనెక్షన్ పెట్టుకుంటుంది. పాతది నా వైపు అలాగే తెరుచుకుని, రాని డేటా కోసం చూస్తూ ఉండిపోతుంది. రోజుకు కొన్ని పదుల చొప్పున అవి మూడు వారాలు పేరుకున్నాయి. 1024 నిండగానే, కనెక్షన్‌ను లోపలికి తీసుకునే యాక్సెప్ట్ పిలుపుకు టూ మెనీ ఓపెన్ ఫైల్స్, ఎర్రర్ నంబరు 24 వచ్చింది. దాన్ని నేను రాసిన ఎక్సెప్ట్ (ఎర్రర్లను పట్టుకునే పైథాన్ బ్లాకు) మింగేసి, ఒక సెకను నిద్రపోయి, మళ్లీ ప్రయత్నించింది. రాత్రంతా అదే పని.

కెర్నెల్ చచ్చిన కనెక్షన్లను కనిపెట్టదా అంటే, టీసీపీ కీప్‌అలైవ్ ఉంది. కానీ సాకెట్ మీద మనం ఆన్ చేస్తేనే పని చేస్తుంది. ఆన్ చేసినా మామూలు లెక్క ప్రకారం 7200 సెకన్లు, అంటే రెండు గంటలు నిశ్శబ్దంగా ఉన్నాక మొదటిసారి తట్టి చూస్తుంది. ఆ తర్వాత 75 సెకన్లకోసారి, 9 సార్లు. రొయ్యకు అంత తీరిక లేదు.

నేను మార్చినవి ఇవి. సెన్సారు నిమిషానికోసారి మాట్లాడుతుంది కాబట్టి ప్రతి కనెక్షన్ మీద సెట్‌టైమౌట్ 180 పెట్టాను. మూడు నిమిషాలు మాట లేకపోతే మూసెయ్యడమే. మూసే పని ఫైనల్లీ బ్లాకులో ఉంది, ఏ దారిన బయటికొచ్చినా అది జరుగుతుంది. అన్నిటినీ మింగే ఎక్సెప్ట్‌ను తీసేసి, నాకు తెలిసిన ఎర్రర్లను మాత్రమే పట్టుకున్నాను. తెలియనిది వస్తే ప్రాసెస్ చావనీ, సిస్టమ్‌డీ అయిదు సెకన్లలో లేపుతుంది. లిమిట్‌నోఫైల్ 8192 కూడా అప్పుడు పెట్టిందే. అయితే ఒక్క అదే పెట్టి ఊరుకుంటే, మూడు వారాలకు పడాల్సింది ఇరవై నాలుగు వారాలకు పడేది. డాష్‌బోర్డులో ప్రతి అంకె పక్కన అది ఎన్ని నిమిషాల కిందటిదో రాయించాను, అయిదు నిమిషాలు దాటితే అంకెను చూపించదు. పాత 5.2 ఖాళీ గడి కంటే ప్రమాదం.

ప్రాసెస్ బతికే ఉండి పని చెయ్యకపోతే సిస్టమ్‌డీ కనిపెట్టగలదా?

వాచ్‌డాగ్ ఉంది. సర్వీస్ భాగంలో వాచ్‌డాగ్‌సెక్=60 పెడితే, మీ స్క్రిప్టు నిమిషం లోపు ఒక్కసారైనా వాచ్‌డాగ్=1 అని సిస్టమ్‌డీకి చెప్పాలి. చెప్పకపోతే సిగ్‌అబార్ట్ పంపి చంపి, మళ్లీ లేపుతుంది. సగం వ్యవధికోసారి, అంటే 30 సెకన్లకు చెప్పడం పద్ధతి. నోటిఫై సాకెట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఒక యునిక్స్ సాకెట్ పేరు వస్తుంది, దానికి ఆ మాటను ఒక డేటాగ్రామ్‌గా పంపడమే. పేరు @ తో మొదలైతే ఆ గుర్తును సున్నా బైటుగా మార్చుకోవాలి. లైబ్రరీ లేకుండా పైథాన్‌లో ఆరేడు వరుసల పని.

ఎక్కణ్నుంచి చెబుతున్నారన్నదే అసలు విషయం. పక్కన ఒక థ్రెడ్ పెట్టి టైమర్‌తో పంపిస్తే, అసలు లూపు బిగుసుకుపోయినా ఆ థ్రెడ్ ‘బాగున్నాం, బాగున్నాం’ అంటూనే ఉంటుంది. నా స్క్రిప్టు 30 సెకన్లకోసారి తన పోర్టుకే తను కనెక్ట్ అయి, ఒక పరీక్ష మాట పంపి, జవాబు తిరిగొస్తేనే వాచ్‌డాగ్‌కు చెబుతుంది. 2:40కి జరిగింది మళ్లీ జరిగితే 2:41కి కొత్త ప్రాసెస్ లేచి ఉంటుంది.

దీనితో పాటు ఇంకో మెషీన్ మీద, అయిదు నిమిషాలకోసారి డేటాబేస్‌లో ప్రతి సెన్సారు చివరి వరుస టైము చూసి, పాతబడితే ఫోన్ మోగించే చిన్న పని కూడా పెట్టండి. అదే మెషీన్ మీద వద్దు. మెషీనే పోతే చెప్పేవాళ్లుండరు.

రీస్టార్ట్ చేస్తే అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్ అంటోంది.

రెండు కారణాలు. మొదటిది, మీరు మూసిన కనెక్షన్లు లినక్స్‌లో 60 సెకన్లు టైమ్ వెయిట్‌లో ఉంటాయి, ఆలోగా అదే పోర్టు మీద బైండ్ (పోర్టును పట్టుకోవడం) కుదరదు. బైండ్‌కు ముందు ఎస్‌ఓ రీయూజ్‌అడ్రస్ పెడితే సరి. రెండోది, ఎప్పుడో నోహప్‌తో మొదలుపెట్టిన పాత కాపీ ఇంకా నడుస్తూ ఉండటం. సుడోతో ఎస్‌ఎస్ -ఎల్‌టీఎన్‌పీ కొడితే పోర్టు పట్టుకున్న ప్రాసెస్ పేరూ నంబరూ చెబుతుంది. నా అనుభవంలో సర్వీసుకు మారిన మొదటి రోజు ఎప్పుడూ ఈ రెండోదే.

స్టాప్ కొడితే ఒకటిన్నర నిమిషం పడుతోంది. ఎందుకు?

సిస్టమ్‌డీ ముందు సిగ్‌టర్మ్ పంపి, 90 సెకన్లు చూసి, అప్పటికీ పోకపోతే సిగ్‌కిల్ వేస్తుంది. మీ స్క్రిప్టు సిగ్‌టర్మ్‌ను పట్టుకుని, ‘ఆగాలి’ అని ఒక జెండా మాత్రం ఎగరేసి ఊరుకుంటోందన్న మాట. పైథాన్ 3.5 నుంచీ, సిగ్నల్ వచ్చి యాక్సెప్ట్ మధ్యలో ఆగినా, హ్యాండ్లర్ అయిపోగానే పైథాన్ మళ్లీ యాక్సెప్ట్‌లోకే వెళ్లి కూర్చుంటుంది. జెండా చూసేవాళ్లు లేరు. హ్యాండ్లర్‌లోంచి ఒక ఎక్సెప్షన్ లేవనెత్తండి, లేదా వినే సాకెట్‌కు ఒక సెకను టైమౌట్ పెట్టి ప్రతిసారీ జెండా చూడండి.

అసలు హ్యాండ్లరే రాయకపోతే ఉన్నపళంగా చస్తుంది, ఫైనల్లీ బ్లాకులు కూడా నడవవు. సగం రాసిన రీడింగు పోయినా పర్లేదనుకుంటే అదీ ఒక పద్ధతే. నేను అలా ఉంచలేదు.

మెషీన్ లోపల నుంచి కనెక్ట్ అవుతోంది, బయట నుంచి అవడం లేదు.

ఈ వరుసలో చూడండి. బైండ్ 127.0.0.1 మీద ఉంటే బయటివాళ్లకు తలుపే లేదు, 0.0.0.0 కావాలి. తర్వాత మెషీన్ మీద ఫైర్‌వాల్, ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ. తర్వాత క్లౌడ్ మెషీన్ అయితే వాళ్ల పేజీలో ఉండే ఫైర్‌వాల్ నియమాలు, ఇవి వేరు, అవి వేరు.

ఇంట్లో పెట్టిన మెషీన్ అయితే రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేసినా పని చెయ్యకపోవచ్చు. మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్, మొబైల్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ అడ్రస్ ఉండదు, ఎంతోమంది ఒకే అడ్రస్ పంచుకుంటారు. రౌటర్ పేజీలో కనిపించే వాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు ఆ గుంపులో ఉన్నట్టే. అప్పుడు స్టాటిక్ ఐపీ కొనుక్కోవాలి, లేదా చిన్న క్లౌడ్ మెషీన్ తీసుకోవాలి. నేను రెండోది చేశాను.

రూట్‌గా నడపొచ్చా?

వద్దు. ఊరూ పేరూ తెలియని వాళ్లు తట్టే తలుపు అది. 1024 కంటే తక్కువ పోర్టు, ఉదాహరణకు సిస్‌లాగ్ 514 కావాలంటే, యాంబియెంట్‌కేపబిలిటీస్ అనే సెట్టింగులో క్యాప్ నెట్ బైండ్ సర్వీస్ ఇవ్వండి, ఆ ఒక్క అనుమతే దొరుకుతుంది. నోన్యూప్రివిలేజెస్=ఎస్, ప్రొటెక్ట్‌సిస్టమ్=స్ట్రిక్ట్, ప్రొటెక్ట్‌హోమ్=ఎస్, ప్రైవేట్‌టెంప్=ఎస్ అని నాలుగు వరుసలు చేర్చండి. స్ట్రిక్ట్ పెట్టాక స్క్రిప్టు రాసే డైరెక్టరీని రీడ్‌రైట్‌పాత్స్‌లో చెప్పాలి.

పోర్టు తెరిచిన గంటలోనే అర్థం కాని డేటా వస్తోంది. ఎవరు వీళ్లు?

ఇంటర్నెట్‌లో ప్రతి అడ్రసునూ తట్టి చూసే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. మీ సెన్సారు పోర్టుకు కూడా వెబ్ పేజీ అడుగుతూ గెట్ అనే మాట పంపుతాయి. ఒక వరుస ఎన్ని బైట్లు దాటకూడదో హద్దు పెట్టండి, లేకపోతే వరుస ముగింపు పంపకుండా డేటా పోస్తూ మీ మెమరీ నింపెయ్యగలరు. వచ్చినదాన్ని లాగ్‌లో రాసేటప్పుడు, వింత అక్షరాలను కనిపించేలా మార్చే రెప్ర్‌తో రాయండి. పికిల్‌తో విప్పడం, ఎవాల్‌కు ఇవ్వడం ఎప్పటికీ చెయ్యొద్దు, అవి రెండూ వచ్చిన డేటాను కోడ్‌గా నడిపెయ్యగలవు. సెన్సారుకు ఒక రహస్య తాళం ఇచ్చి, ప్రతి రీడింగు మీదా దానితో సంతకం వేయించగలిగితే ఇంకా మంచిది.

నెట్‌వర్క్ రాకముందే సర్వీసు లేస్తోంది. ఆఫ్టర్=నెట్‌వర్క్-ఆన్‌లైన్ పెట్టాలా?

0.0.0.0 మీద వినేదానికి అవసరం లేదు, నెట్‌వర్క్ ఎప్పుడొచ్చినా వింటుంది. ఫలానా ఐపీ మీదే బైండ్ చేస్తే కావాలి. అప్పుడు ఆఫ్టర్‌తో పాటు వాంట్స్‌లోనూ నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్ రాయాలి. ఆఫ్టర్ వరుసక్రమం మాత్రమే చెబుతుంది, లేపదు.

కొత్త కోడ్ పెట్టి రీస్టార్ట్ చేసే ఆ క్షణంలో వచ్చిన కనెక్షన్లు పోతాయా?

మామూలుగా అయితే తిరస్కారం ఎదురవుతుంది. సాకెట్ యాక్టివేషన్ వాడితే పోవు. చెరువు.సాకెట్ అని ఇంకో యూనిట్ రాసి, అందులో లిజన్‌స్ట్రీమ్=9000 పెడితే, పోర్టును సిస్టమ్‌డీయే పట్టుకుని కూర్చుంటుంది. మీ స్క్రిప్టుకు ఆ సాకెట్ ఫైల్ నంబరు 3గా అందుతుంది. స్క్రిప్టు లేని ఆ రెండు సెకన్లలో వచ్చినవాళ్లు వరుసలో నిలబడి ఉంటారు. ఆలోచన పాతదే, యునిక్స్‌లో ఐనెట్‌డీ ఏనాడో పోర్టులు తను పట్టుకుని ప్రోగ్రాములను లేపేది. 2005లో ఆపిల్ తన లాంచ్‌డీతో దీన్ని ముందుకు తీసుకెళ్లింది, సిస్టమ్‌డీ రాసినవాళ్లు అక్కణ్నుంచి తెచ్చుకున్నామని చెప్పుకున్నారు. యూడీపీకి లిజన్‌డేటాగ్రామ్. అక్కడ పంపినవాళ్లు మళ్లీ పంపరు కాబట్టి దీని విలువ ఇంకా ఎక్కువ.

రాస్‌ప్‌బెర్రీ పై మీద గట్టు దగ్గరే పెట్టొచ్చా? కరెంటు పోతుంటుంది.

అరచేతిలో పట్టే ఈ చిన్న కంప్యూటర్‌ను పెట్టొచ్చు, రెండు జాగ్రత్తలతో. ఎస్‌డీ కార్డు మీద రాస్తున్నప్పుడు కరెంటు పోతే కార్డు పాడవుతుంది, చిన్న యూపీఎస్ తప్పనిసరి. రెండోది టైము. 2023లో వచ్చిన పై 5కు ముందు బోర్డుల్లో గడియారం చిప్పు లేదు. పై 5లో ఉంది కానీ బ్యాటరీ మనం పెట్టాలి. కరెంటు వచ్చాక నెట్ దొరికి టైము సరిచేసుకునేదాకా, ఆగిపోయిన వేళనే ఇప్పటి వేళ అనుకుంటుంది. తెల్లవారి నాలుగింటి రీడింగు రాత్రి రెండింటిదిగా డేటాబేస్‌లోకి ఎక్కుతుంది. సిస్టమ్‌డీ-టైమ్-వెయిట్-సింక్ సర్వీసును ఎనేబుల్ చేసి, మీ యూనిట్‌లో ఆఫ్టర్, వాంట్స్ రెండింటిలోనూ టైమ్-సింక్.టార్గెట్ పెట్టండి. టైమును యూటీసీలో దాచి, చూపించేటప్పుడు మాత్రమే అయిదున్నర గంటలు కలపండి.

డాకర్‌లోనో విండోస్‌లోనో నడపాలంటే?

డాకర్‌లో రీస్టార్ట్ పాలసీగా అన్‌లెస్-స్టాప్డ్ పెట్టండి, --ఇనిట్ కూడా. అది లేకపోతే కంటెయినర్‌లో (డాకర్ మీ ప్రోగ్రామును నడిపే డబ్బాలో) మీ స్క్రిప్టే ప్రాసెస్ నంబరు 1 అవుతుంది, హ్యాండ్లర్ రాయకపోతే సిగ్‌టర్మ్ దానికి తగలదు, 10 సెకన్లకు సిగ్‌కిల్ పడుతుంది. విండోస్‌లో ఎన్‌ఎస్‌ఎస్‌ఎం అనే చిన్న ప్రోగ్రాము స్క్రిప్టును సర్వీసుగా చుట్టి ఇస్తుంది. క్రాన్‌లో ఎట్-రీబూట్ గురించి అడిగేవాళ్లకు: బూట్‌లో లేపుతుంది, పడితే లేపదు.

అంతా పెట్టాను. సరిగ్గా ఉందని ఎలా తెలుసుకోవాలి?

పగలు, తీరికగా ఉన్నప్పుడు మీరే చెడగొట్టి చూడండి. కిల్ -9 వెయ్యండి, అయిదారు సెకన్లలో కొత్త ప్రాసెస్ నంబరు కనిపించాలి. కిల్ -స్టాప్‌తో గడ్డకట్టించండి, స్టేటస్ పచ్చగానే ఉంటుంది కానీ నిమిషంలో వాచ్‌డాగ్ దాన్ని పడగొట్టి లేపాలి. మెషీన్‌ను రీబూట్ చేసి, లాగిన్ అవ్వకుండా, డేటాబేస్‌లో వరుసలు పడుతున్నాయో లేదో బయట నుంచి చూడండి. డేటాబేస్ సర్వీసును పది నిమిషాలు ఆపి మళ్లీ లేపండి. ఒక సెన్సారు యాంటెన్నా తీసి, మూడు నిమిషాలయ్యాక ఎస్‌ఎస్‌లో దాని పాత కనెక్షన్ మాయమైందో లేదో చూడండి.

చివరిగా ఒక సెన్సారును పూర్తిగా ఆపేసి ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చోండి. పది నిమిషాల లోపు మోగాలి. మా బాబాయి ఫోన్ కూడా అప్పుడే మోగేలా పెట్టాను, ఆయన చెరువు దగ్గరికి నాకంటే ముందు చేరతాడు.